పళ్ళ క్లిప్పుల లోహం నోట్లో కరుగుతుందా? అమ్మాయికి వాటిని తీయించేయాలా?

ప్రశ్న: మా పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళు, బరువు 45 కిలోలు. ఎత్తుపళ్ళు సరిచేయించడానికి ఐదు నెలల కిందట స్టీలు క్లిప్పులు వేయించాం. పై దవడ వెడల్పు కావడానికి అంగిలికి అడ్డంగా ఒక స్టీలు పరికరం కూడా అమర్చారు. నెల రోజులుగా నోట్లో ఇనుము రుచి తగులుతోందని అంటోంది. పెదవుల మూలలు పగిలాయి. పై పంటి మీద ఒక క్లిప్పు చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తోంది. చిన్నప్పుడు ఒక జత కమ్మలు పెడితే చెవి తమ్మెలు దురద పెట్టి రసి కారేవి. క్లిప్పులు తుప్పు పట్టి నికెల్, క్రోమియం ఒంట్లోకి చేరతాయని, వాటివల్ల క్యాన్సర్ వస్తుందని చదివాను. ఫ్లోరైడ్ లోహాన్ని తినేస్తుందని ఎవరో చెబితే ఆ టూత్‌పేస్టు మాన్పించాను. డాక్టరుగారిని అడిగితే "ఏమీ కాదు" అని ఒక్క మాటతో సరిపెట్టారు. క్లిప్పులు తీయించేయాలా? మా రెండో అమ్మాయికి పదేళ్ళు. తనకూ వచ్చే ఏడాది క్లిప్పులు వేయించాలంటున్నారు, ఇంకా చెవులు కుట్టించలేదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

సమాధానం: క్లిప్పులు తీయించవద్దు. ఫ్లోరైడ్ టూత్‌పేస్టును మాత్రం ఈ రాత్రి నుంచే మళ్ళీ మొదలుపెట్టించండి. నా సమాధానం కొంచెం పొడవుగా ఉండబోతోంది కనుక, అది చదివి ముగించేలోగా మీరు కంగారుపడి ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఈ రెండు మాటలూ ముందే చెబుతున్నాను. అయితే మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది, కమ్మల వల్ల చెవి తమ్మెలు దురద పెట్టాయని మీరు రాసిన ఒక్క వాక్యం. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పి ఉండకపోతే, ఆయన "ఏమీ కాదు" అనడంలో ఆయన తప్పు సగమే.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి. క్లిప్పుల నుంచి వచ్చే లోహం విషంగా పనిచేస్తుందా అన్నది మొదటిది. అది పరిమాణానికి సంబంధించిన ప్రశ్న కనుక కొలిచి జవాబు చెప్పవచ్చు. ఆ లోహం మీ అమ్మాయి ఒంటికి పడుతుందా, పడదా అన్నది రెండోది. అలర్జీకి మనవాళ్ళు వాడే ఈ "పడకపోవడం" అన్న మాట ఎంతో సరైనది, ఎందుకంటే పదిమందికి ఏ హానీ చేయనిది, చాలా తక్కువ మోతాదులో తగిలినా పదకొండో మనిషికి పడకపోవచ్చు. మొదటి ప్రశ్నకు మీ డాక్టరుగారి జవాబు సరిపోతుంది. రెండోదానికి ఆయన జవాబే చెప్పలేదు.

ముందుగా, లోహం నిజంగా క్షయమవుతుందా అంటే, అవుతుంది. నోట్లో పెట్టిన ఏ లోహమూ పూర్తిగా చెక్కుచెదరకుండా ఉండదు. పంటికి అతికించే బ్రాకెట్లు, వెనక దంతాల చుట్టూ తొడిగే బ్యాండ్లు, చాలా రకాల తీగలు స్టెయిన్‌లెస్ స్టీలుతో తయారవుతాయి. దానిలో ఎక్కువ భాగం ఇనుము, దాదాపు 18 శాతం క్రోమియం, దాదాపు 8 శాతం నికెల్ ఉంటాయి. ఇనుముకు తుప్పు పట్టే స్వభావం ఎటూ పోదు. కానీ మిశ్రమంలోని క్రోమియం గాలిలోని లేదా లాలాజలంలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద క్రోమియం ఆక్సైడ్ పొరను ఏర్పరుస్తుంది. రెండు మూడు నానోమీటర్లకు మించని ఆ పొర, తల వెంట్రుక మందంలో ఇరవై వేలవ వంతు కూడా ఉండదు. అయినా స్టీలును స్టీలుగా నిలబెట్టేది అదే. గీతపడి చెదిరినా, ఆక్సిజన్ అందుబాటులో ఉన్నంతకాలం అది క్షణంలోపే మళ్ళీ తనంతట తాను అల్లుకుంటుంది. వంటింటి గిన్నెను ఎంత తోమినా తుప్పు పట్టకపోవడానికి కారణం ఇదే.

ఆక్సిజన్ అందుబాటులో ఉన్నంతకాలం అన్న షరతును గమనించండి, ఈ వ్యవహారమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. బ్రాకెట్ అంచుకూ పంటికీ మధ్య ఉండే సన్నని సందులోను, తీగను పట్టి ఉంచే రబ్బరు వలయం కిందను పాచి పేరుకుపోయినప్పుడు, ఆ పాచిలోని సూక్ష్మజీవులు అక్కడ ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. చక్కెరను పులియబెట్టి ఆమ్లాలు విడుదల చేస్తాయి. మామూలుగా తటస్థానికి దగ్గరగా ఉండే లాలాజలపు పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం), ఆ పాచి అడుగున 5.5 కంటే కిందికి దిగజారుతుంది. లాలాజలంలోని క్లోరైడ్ అయాన్లు ఆ సందులోకి చేరి గాఢత పెంచుకుంటాయి. చెదిరిన ఆక్సైడ్ పొర మళ్ళీ అల్లుకోవడానికి అక్కడ ఆక్సిజన్ లేదు, కరిగించడానికి మాత్రం ఆమ్లమూ క్లోరైడూ సిద్ధంగా ఉన్నాయి. అలాంటి చోట లోహం మీద సూదిపోటంత గుంటలు పడి, ఇనుము, నికెల్, క్రోమియం అయాన్ల రూపంలో బయటికి వస్తాయి. దీనికి తోడు, పళ్ళు కదిలేకొద్దీ తీగ బ్రాకెట్ గాడిలో సూక్ష్మంగా రాచుకుంటూ పొరను పదేపదే గీకుతూ ఉంటుంది. పంటి ఎనామిల్‌ను తినేసి పుచ్చు తెప్పించే ఆమ్లమూ, లోహాన్ని తినే ఆమ్లమూ ఒకటే, రెండూ పుట్టేది ఆ పాచిలోనే. కాబట్టి మీ అమ్మాయి క్లిప్పులకు సరైన తుప్పు నివారణ మందు ఏదంటే నేను బ్రష్షునే చూపిస్తాను.

అంగిలికి అడ్డంగా ఉన్న పరికరం గురించి వేరుగా చెప్పాలి. అలాంటి పరికరాల్లో మందపాటి స్టీలు కమ్మీలను దంతాల బ్యాండ్లకు చాలాచోట్ల వెండి టంకంతో అతుకుతారు. ఆ టంకంలో వెండితో పాటు రాగి, జింకు ఉంటాయి. రెండు వేర్వేరు లోహాలు ఒకే ద్రవంలో తాకుతూ ఉంటే అది చిన్నపాటి బ్యాటరీ అవుతుందని మీరు బడిలో చదివే ఉంటారు. ఇక్కడ ఆ ద్రవం లాలాజలం. స్టీలుకూ టంకానికీ మధ్య నడిచే అతి స్వల్ప విద్యుత్తు వల్ల టంకంలోని రాగి, జింకు ముందుగా కరుగుతాయి. పైగా అతికేటప్పుడు ఇచ్చే వేడి దాదాపు 400 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు నిలిస్తే, స్టీలులోని కార్బన్ అక్కడి క్రోమియాన్ని పట్టుకుని స్ఫటిక రేణువుల అంచుల్లో కార్బైడ్‌గా కూర్చుంటుంది. అప్పుడు ఆ అంచుల్లో రక్షణ పొర కట్టడానికి చాలినంత క్రోమియం మిగలదు. అందుకే అతుకులున్న పరికరాల్లో అతుకుల దగ్గర నల్లబడటం, గరుకుదేలడం తరచుగా కనిపిస్తాయి. లేజర్‌తో వెల్డింగ్ చేసినవాటిలో టంకమే ఉండదు కనుక ఈ బాధ తక్కువ. మీ అమ్మాయి పరికరం ఏ పద్ధతిలో చేసిందో అడిగి తెలుసుకోండి. టంకం వేసినదే అయితే, ఇనుము రుచికి కారణాలు వెతకవలసిన చోట్లలో అది ఒకటి. అయినా ఈ రకం పరికరాన్ని కొన్ని నెలల్లో తీసేస్తారు, క్లిప్పుల్లాగా ఏడాదిన్నర, రెండేళ్ళు ఉండదు.

చికిత్స మొదటి నెలల్లో వాడే సన్నని, సాగే గుణమున్న తీగలు నికెల్, టైటానియం మిశ్రమంతో చేసినవి. అమెరికా నౌకాదళపు ఆయుధ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఈ మిశ్రమం, ఎంత వంచినా తిరిగి తన ఆకారానికి వచ్చే గుణం వల్ల 1970ల ఆరంభంలో పళ్ళు సరిచేసే వైద్యంలోకి ప్రవేశించింది. దీనిలో బరువు లెక్కన దాదాపు 55 శాతం నికెలే. ఈ అంకె చూసి బెదిరినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఒక లోహంలో నికెల్ ఎంత ఉందన్నది వేరు, దాని నుంచి ఎంత బయటికి వస్తుందన్నది వేరు. ఈ తీగ ఉపరితలాన్ని కప్పి ఉంచేది టైటానియం ఆక్సైడ్. అది క్రోమియం ఆక్సైడ్ కంటే గట్టిది. 8 శాతం నికెల్ ఉన్న స్టీలు కంటే 55 శాతం ఉన్న ఈ తీగ ఎక్కువ నికెల్‌ను వదలాలన్న నియమమేమీ లేదు. తయారీలో ఉపరితలాన్ని ఎంత నునుపుగా తీర్చారన్నదాన్ని బట్టి అదే మిశ్రమపు రెండు తీగల మధ్య కూడా ఎంతో తేడా ఉంటుంది.

టైటానియానికి ఉన్న ఒకే ఒక పెద్ద శత్రువు ఫ్లోరైడ్. మీకు ఎవరో చెప్పిన మాటలో ఉన్న నిజం అంతవరకే. ఆమ్ల మాధ్యమంలో ఫ్లోరైడ్ అయాన్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా మారి టైటానియం ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది. ఆ దారిన హైడ్రోజన్ లోహంలోకి చొరబడితే తీగ పెళుసెక్కి విరగవచ్చు కూడా. అయితే ఇది జరగడానికి ఫ్లోరైడూ, ఆమ్లమూ రెండూ కలిసి రావాలి. దంతవైద్యులు ఆసుపత్రిలో అప్పుడప్పుడు పూసే 1.23 శాతం ఫ్లోరైడ్ ఉన్న ఆమ్ల జెల్ పీహెచ్ 3.5 దగ్గర ఉంటుంది కనుక, టైటానియం తీగలున్న నోటికి దాన్ని వాడకుండా తటస్థ ఫ్లోరైడ్ జెల్ గానీ, వార్నిష్ గానీ అడగడం సబబు. రోజూ వాడే టూత్‌పేస్టు సంగతి వేరు. అందులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం, అంటే 0.1 నుంచి 0.15 శాతం మాత్రమే ఉంటుంది. సాధారణంగా అది ఆమ్లంగా ఉండదు, నోట్లో ఉండేది రెండు నిమిషాలు.

దీనికి ఎదురుగా పెట్టి చూడవలసిన నష్టం ఏమిటో చెబుతాను. క్లిప్పులున్న నోట్లో పాచి నిలిచిపోతే, బ్రాకెట్ల చుట్టూ ఎనామిల్‌లోని ఖనిజం కరిగి సున్నపు మరకల్లాంటి తెల్లని మచ్చలు పడటానికి నెల రోజులు చాలు. క్లిప్పులు తీసేశాక ఆ మచ్చలు జీవితాంతం పళ్ళ మీద బ్రాకెట్ల ఆకారాన్ని చూపిస్తూ ఉండిపోవచ్చు. వాటిని అడ్డుకునేది ఫ్లోరైడే. రవ్వంత లోహాన్ని ఆపబోయి పళ్ళ పైపొరనే పోగొట్టుకోవడం తెలివైన బేరం అనిపించుకోదు. మీరు టూత్‌పేస్టు మాన్పించి ఎన్నాళ్ళైందో రాయలేదు గనుక, ఈసారి వెళ్ళినప్పుడు తెల్లమచ్చల కోసం ప్రత్యేకంగా చూడమని అడగండి.

ఇక కొలతల్లోకి వద్దాం. పూర్తి నోటికి సరిపడే క్లిప్పుల సామగ్రిని ఉప్పునీటి ద్రావణంలో ఉంచి 1983లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో రోజుకు సగటున 40 మైక్రోగ్రాముల (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు) నికెల్, 36 మైక్రోగ్రాముల క్రోమియం విడుదలైనట్లు తేలింది. మనం తినే తిండి ద్వారా, ముఖ్యంగా ధాన్యాలు, పప్పుధాన్యాలు, గింజలు, కోకో వంటివాటి ద్వారా, రోజూ సుమారు 100 నుంచి 300 మైక్రోగ్రాముల నికెల్ మన కడుపులోకి పోతూనే ఉంటుంది. అంటే క్లిప్పులు కలిపేది, ఏ క్లిప్పూ లేనివాడు తినే దానిలో కొంత వంతు. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారం, ఒక మనిషి జీవితాంతం రోజూ తీసుకున్నా ఫరవాలేదనదగిన నికెల్ పరిమితి కిలో శరీర బరువుకు 13 మైక్రోగ్రాములు. మీ అమ్మాయి 45 కిలోల బరువుకు అది 585 మైక్రోగ్రాములవుతుంది. తిండినీ క్లిప్పులనూ కలిపినా ఆ గీతకు ఇవతలే ఉంటాం. మింగిన నికెల్‌లో రక్తంలోకి చేరేది కొద్ది భాగమే. క్లిప్పులు వేసిన రోగుల రక్తాన్ని నాలుగైదు నెలల పాటు పరీక్షించిన అధ్యయనంలో నికెల్ స్థాయి చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. పైగా ఈ విడుదల ఎప్పుడూ ఒకే తీరులో సాగదు. ప్రయోగశాల కొలతల్లో నికెల్ మొదటి వారంలోనే గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. మీ అమ్మాయి ఆ మొదటి వారాన్ని దాటి ఐదు నెలలైంది. కొత్త తీగ మార్చినప్పుడల్లా కొంత మళ్ళీ పెరుగుతుందన్న మాట నిజమే, కానీ అది కూడా కొద్దికాలమే.

క్యాన్సర్ అన్న మాట చూసి మీరు ఎంత భయపడి ఉంటారో ఊహించగలను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నికెల్ సమ్మేళనాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా వర్గీకరించిన మాట వాస్తవం. ఆ నిర్ధారణకు ఆధారం, నికెల్ శుద్ధి కర్మాగారాల్లో ఏళ్ళ తరబడి దాని ధూళిని, పొగను పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల్లోను, ముక్కు కుహరాల్లోను వచ్చిన క్యాన్సర్లు. నోట్లోని స్టీలు నుంచి లాలాజలంలో కరిగి మింగే స్వల్పమైన నికెల్‌కు ఆ పరిస్థితితో పోలిక లేదు. క్రోమియం విషయంలోనూ అంతే. ప్రమాదకరమైనది ఆరు సంయోజకత గల క్రోమియం, స్టీలు క్షయమైనప్పుడు వచ్చేది ప్రధానంగా మూడు సంయోజకత గలది. న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి: క్లిప్పులున్నవారి చెంప లోపలి కణాలను గీకి చూసిన కొన్ని అధ్యయనాల్లో నికెల్ కొంచెం ఎక్కువగా కనిపించింది, కణాల డీఎన్ఏలో మార్పులు కూడా కనిపించాయి. మరికొన్నిటిలో అలాంటివేమీ కనిపించలేదు. అటువంటి మార్పు కనబడటానికీ జబ్బు రావడానికీ మధ్య చాలా దూరముంది. ఈ కారణం చూపి క్లిప్పులు తీయమని నేను ఎవరికీ చెప్పను.

రెండో ప్రశ్నకు వస్తే నా గొంతు మారుతుంది. నికెల్ అలర్జీ చాలా సాధారణమైన స్పర్శ అలర్జీ. మగవారిలో కంటే ఆడవారిలో ఎన్నో రెట్లు ఎక్కువ, దానికి ముఖ్య కారణం చెవికుట్లు. కుట్టిన రంధ్రంలో పచ్చిగా ఉన్న కణజాలానికి నికెల్ ఆనుకుని ఉన్నప్పుడు, రోగనిరోధక వ్యవస్థలోని కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ జ్ఞాపకం దాదాపు జీవితాంతం పోదు. తర్వాత ఎక్కడ నికెల్ తగిలినా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఎర్రబారడం, దురద, రసి కారడం మొదలవుతాయి. మీ అమ్మాయి చెవి తమ్మెల కథ అచ్చం ఇలాగే ఉంది. యూరప్‌లో ఇందుకే 1994లో చట్టం చేసి, చర్మానికి ఆనుకునే వస్తువులు చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ వదలకూడదని హద్దు పెట్టారు. కుట్టిన రంధ్రంలోకి దిగే భాగాలకు తర్వాత 0.2 అన్న ఇంకా తక్కువ హద్దు పెట్టారు. ఇందాక చెప్పిన 585 మైక్రోగ్రాముల లెక్క ఇలాంటివారికి వర్తించదు. ఆ పరిమితి పెట్టిన సంస్థే నికెల్ పడనివారిని వేరుగా లెక్కగట్టింది.

అయితే నికెల్ పడనివారందరికీ క్లిప్పులు పడకపోవు. నోటి లోపలి పొరను లాలాజలం నిరంతరం కడుగుతూ, జిగురు మాంసకృత్తులతో ఒక పూత పూస్తూ ఉంటుంది. అలర్జీని పసిగట్టే కణాలు అక్కడ చర్మంలో కంటే తక్కువ. చర్మం మీద దురద పుట్టించడానికి చాలే నికెల్‌కు ఎన్నో రెట్లు, సాధారణంగా చెప్పే లెక్కలో 5 నుంచి 12 రెట్లు, ఉంటే గాని నోటి పొర స్పందించదు. చేతి గడియారం పెట్టుకుంటే దద్దుర్లు వచ్చే అమ్మాయిలు స్టీలు క్లిప్పులతో రెండేళ్ళూ ఏ ఇబ్బందీ లేకుండా గడిపేయడం మామూలు విషయం. కానీ కొద్దిమందికి ఇబ్బంది వస్తుంది. చిగుళ్ళు పాచి లేకపోయినా ఉబ్బడం, నోట్లో మంట, పెదవుల చర్మం పొరలు పొరలుగా ఊడటం, పెదవుల మూలలు పగలడం, నోటి చుట్టూ దద్దుర్లు దాని లక్షణాలు. ఒక్కోసారి నోరు బాగానే ఉండి, పాత కమ్మల చోటో, చేతి వేళ్ళ మీదో తామరలాంటి దద్దు తిరగబెడుతుంది. అందుకని మీ అమ్మాయి ఒంటి మీద ఎక్కడైనా కొత్తగా దద్దు వచ్చిందేమో అడిగి చూడండి, పద్నాలుగేళ్ళ పిల్లలు తమంతట తాము చెప్పరు.

ఆమెకున్న మూడు లక్షణాల్లో ఏ ఒక్కటీ నికెల్ పనే అని చెప్పలేను. ఇనుము రుచి చిగుళ్ళ నుంచి కారే రక్తం వల్ల కూడా వస్తుంది, రక్తంలో ఉన్నదీ ఇనుమే. బ్రష్ చేసి ఉమ్మినప్పుడు ఎర్రగా కనిపిస్తే ముందు అనుమానించవలసింది పాచి వల్ల వాచిన చిగుళ్ళను. ఆ తర్వాతి అనుమానం పరికరం టంకం మీద. పెదవుల మూలలు పగలడానికి శిలీంధ్రం, రక్తహీనత, ఎత్తుగా ఉన్న బ్రాకెట్లు పెదవులకు రాచుకోవడం, పదేపదే పెదవులు తడుపుకునే అలవాటు వంటి కారణాలే ఎక్కువగా ఉంటాయి. చెవి కథ లేకపోతే నేనూ వాటితోనే ఆగిపోయేవాడిని. గోధుమరంగు మరక విషయంలో కొంచెం జాగ్రత్తగా చూడాలి. ముదురు రంగు పానీయాలూ, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన మౌత్‌వాష్ కూడా సరిగ్గా అలాంటి మరకలే వేస్తాయి, అవి పాలిష్ చేస్తే పోతాయి. అలా కాకుండా, బ్రాకెట్ అడుగున జిగురు సరిగా నిండక ఖాళీ మిగిలితే, ఆ ఖాళీలో లాలాజలం నిలిచి స్టీలు అడుగుభాగం కరిగి, ఆ రంగు ఎనామిల్‌లోకి ఇంకవచ్చు. అది తోమితే పోదు. ఒకే ఒక బ్రాకెట్ చుట్టూ మరక ఉందంటున్నారు కాబట్టి, ఆ ఒక్కదాన్ని ఊడదీసి అడుగు చూసి, శుభ్రం చేసి కొత్తది అతికించమని అడగండి. అది పది నిమిషాల పని.

అలర్జీ ఉందో లేదో ఊహించుకుంటూ కూర్చోవడం కంటే తేల్చుకోవడం తేలిక. చర్మవైద్యుల దగ్గర చేసే ప్యాచ్ టెస్టులో 5 శాతం నికెల్ సల్ఫేట్ కలిపిన వ్యాసలీన్‌ను చిన్న పట్టీలో పెట్టి వీపు మీద అంటించి, 48 గంటల తర్వాత తీసి, అప్పుడొకసారి, మరొకటి రెండు రోజుల తర్వాత ఇంకొకసారి చర్మాన్ని చూస్తారు. అలర్జీ తెలుసుకోవడానికి రక్తంలో నికెల్ కొలిపించడం, గోళ్ళూ వెంట్రుకలూ పరీక్షకు పంపడం వంటివాటికి డబ్బు తగలేయకండి, అవి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. ఆ పాత కమ్మలు ఇంకా ఉంటే, డైమిథైల్‌గ్లయాక్సైమ్ అనే రసాయనంతో చేసే చుక్క పరీక్షలో అవి నికెల్ వదులుతున్నాయో లేదో తెలుస్తుంది, వదిలితే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. ప్యాచ్ టెస్టుకు అది బదులు కాదు గాని, చర్మవైద్యునికి ఉపయోగపడే ఆధారం.

పరీక్షలో నికెల్ పడదని తేలితే ఏం చేయాలన్నది నోటి పరిస్థితిని బట్టి ఉంటుంది. పెదవుల పగుళ్ళు శిలీంధ్రం మందుకు తగ్గిపోయి, చిగుళ్ళు బాగుంటే, క్లిప్పులు అలాగే ఉంచి జాగ్రత్తగా గమనిస్తే చాలు. లక్షణాలు తగ్గకపోతే ముందుగా నికెల్ టైటానియం తీగను తీసి, టైటానియం, మాలిబ్డినం మిశ్రమపు తీగ వేయమని అడగవచ్చు. బీటా టైటానియం అని పిలిచే ఆ తీగలో నికెల్ ఉండదు. అప్పటికీ ఫలితం లేకపోతే బ్రాకెట్లను కూడా టైటానియంవో, పింగాణీవో వేయించుకోవచ్చు. పింగాణీ బ్రాకెట్లలో కొన్నిటికి గాడి మాత్రం స్టీలుతో చేసి ఉంటుంది, అది కనుక్కోండి. రంగు పూత వేసిన తీగలను నేను అంతగా నమ్మను, నోట్లో కొన్ని వారాలకే పూత ఊడి లోపలి లోహం బయటపడుతుంది. పళ్ళ అమరికను బట్టి వీలైతే, లోహమే లేని పారదర్శక ప్లాస్టిక్ తొడుగులకు మారడం ఇంకొక దారి. అంగిలి పరికరం తీసేశాక ఆ నిర్ణయం తేలికవుతుంది. ఏదైనా సరే, చికిత్సను సగంలో ఆపి, కదిలిన పళ్ళను అలా గాలికి వదిలేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డ మార్గం. అవి తిరిగి పక్కలకు జరుగుతాయి, మీరు మళ్ళీ మొదటికొస్తారు.

ఇంట్లో చేయదగినవి కొన్ని ఉన్నాయి. బ్రాకెట్లకు పైన, కింద, తీగ వెనక చేరేలా చిన్న బ్రష్షుతో రోజూ శుభ్రం చేయించండి. పుల్లని శీతల పానీయాలు, పండ్లరసాలు రోజంతా కొంచెం కొంచెంగా చప్పరించడం మాన్పించండి. తాగితే ఒక్కసారిగా తాగి మంచినీళ్ళతో పుక్కిలించమనండి. నోటిపూతకు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే క్లోరైడ్ ఎక్కువవుతుందేమోనని ఒక పాఠకుడు ఇదివరకు అడిగారు, ఆ అర నిమిషం వల్ల ఏమీ కాదు, లాలాజలంలోనే ఎప్పుడూ క్లోరైడ్ ఉంటుంది. బొగ్గు పొడులు, గరుకు పళ్ళపొడులు వద్దు. ఇంతకుముందు ఒకరికి వాడి, కాల్చి శుభ్రం చేసిన బ్రాకెట్లను తిరిగి వాడే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. ఆ కాల్పులో, అతుకుల విషయంలో చెప్పిన క్రోమియం నష్టమే జరుగుతుంది కనుక, కొత్తవే వేస్తున్నారా అని అడిగే హక్కు మీకుంది.

మీ రెండో అమ్మాయి విషయంలో మీకొక వెసులుబాటు ఉంది, దాన్ని వదులుకోవద్దు. ఫిన్లండ్‌లో కౌమారవయస్కులను పరీక్షించి 1996లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చెవులు కుట్టించుకోవడానికి ముందే క్లిప్పులు వేయించుకున్న అమ్మాయిల్లో ఒక్కరికి కూడా నికెల్ అలర్జీ కనిపించలేదు. ముందు చెవులు కుట్టించుకున్నవారిలో అది చాలామందిలో ఉంది. పచ్చి గాయం ద్వారా కాకుండా నోటి పొర ద్వారా తక్కువ మోతాదులో నికెల్‌ను మొదట పరిచయం చేసుకున్న ఒళ్ళు, దానికి అలవాటు పడుతుందని దీన్ని వివరిస్తారు. ఒక అధ్యయనం మీద ఆధారపడి నేను ఎవరికీ శాసనం చేయను గాని, వచ్చే ఏడాది ఎలాగూ క్లిప్పులు వేయించబోతున్నారు కనుక, చెవులు కుట్టించడం వాటి తర్వాతికి పెట్టుకుంటే మీకు పోయేది లేదు. కుట్టించినప్పుడు కూడా గాయం పూర్తిగా మానేవరకు స్వచ్ఛమైన టైటానియం పోగులే పెట్టించండి. అక్క కమ్మలు మాత్రం చెల్లికి ఇవ్వకండి.